ఎడమ పాదానికీ ఒక తకిట

2001లో భీమవరంలో ఒక కళ్యాణ మండపం మేడ మీద యోగా క్లాసు నడిపేదాన్ని. ముహూర్తాలున్న రోజుల్లో కింద సన్నాయి మేళం, పైన మా శవాసనం. చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్న అలవాటు కొద్దీ ఆసనాలకి కూడా జతులు వాడేదాన్ని. జతి అంటే తకిట, తకధిమి లాంటి దరువు మాటలు. వాటిని నోటితో పలుకుతూ, ఒక్కో అక్షరం ఒంట్లో ఎక్కడ పడుతోందో గమనించాలి. కళ్లు మూసుకుని నిమిషం కూర్చోలేని వాళ్లకి కూడా ఇది సులువుగా పట్టుబడేది.

ఆ వేసవిలో సత్యనారాయణరాజు గారని, చేపల చెరువుల ఆసామి వచ్చారు. నిలువెత్తు మనిషి. అంతకుముందు వానల్లో చెరువు గట్టు మీద జారి ఎడమ కాలు విరగ్గొట్టుకున్నారు. ఎముక చక్కగా అతుక్కుంది, కర్ర పక్కన పెట్టేయండని డాక్టరు కూడా చెప్పేశారు. ఈయన మాత్రం కర్ర వదల్లేదు, మళ్లీ గట్టెక్కలేదు.

"కాలు బాగుందనే అంటారండీ అందరూ. నాకే అది నాది కానట్టుంటుంది," అన్నారు.

ఆయన భార్య సుభద్ర గారు అందుకున్నారు. "చెరువులు లీజుకిచ్చేస్తానంటున్నారండీ. పొద్దున్నే గట్టు మీద తిరిగొస్తే గానీ ఈయనకి కాఫీ రుచించేది కాదు. ఇప్పుడేమో రోజంతా టీవీ ముందే."

చెప్పులు విప్పించి గచ్చు మీద నడవమన్నాను. అక్షరానికో అడుగు, 'త' అన్నప్పుడు కాస్త గట్టిగా. ముందు చతురశ్రం, అంటే తకధిమి. నాలుగక్షరాలు కాబట్టి కుడి కాలితో మొదలుపెడితే ప్రతి 'త' కుడి కాలి మీదే పడుతుంది. ఆయన హుషారుగా నడిచారు. ఎడమ కాలు చుట్టపుచూపుగా వెంట వచ్చింది.

"ఇప్పుడు తిశ్రం. తకిట, మూడే అక్షరాలు," అన్నాను.

మొదటి 'త' కుడి కాలి మీద పడింది. రెండో 'త' దగ్గర ఆయన టక్కున ఆగిపోయారు.

"ఇదేంటండీ, ఎడమ కాలి మీదకొస్తోంది?"

"మూడు కదండీ, ఒకసారి అటు, ఒకసారి ఇటు వస్తుంది. రానివ్వండి."

"పడిపోతానేమోనండీ."

"గట్టిగా వెయ్యక్కర్లేదు. మడమ ఆనిందా, వేళ్లు ఆనాయా, అది చూసుకోండి చాలు."

చాలా రోజులు ఆ రెండో 'త'ని ఆయన మింగేస్తూనే ఉన్నారు. పాదం నేలకి తగలకుండానే తర్వాతి అక్షరానికి దూకేసేవారు. నేను తొందరపెట్టలేదు.

ఒకరోజు కింద పెళ్లిలో డోలు జోరుగా మోగుతోంది. గోడ పక్కన కూర్చున్న సుభద్ర గారు ఉన్నట్టుండి లేచి, కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుని, "తకిట తకిట" అంటూ భర్తని దాటుకుని వెళ్లిపోయారు.

"నువ్వెప్పుడు నేర్చుకున్నావే?"

"ఇంట్లో పూజ చేసుకుంటున్నా ఇదే వస్తోందండీ నోటికి! రండి, రండి."

రాజుగారు పడీపడీ నవ్వుతూ ఆవిడ వెంటపడ్డారు. ఆ నవ్వులో ఎడమ పాదం నిండుగా, చప్పుడయ్యేలా నేల మీద పడింది. ఆయన ఆగి పాదం వంక చూసుకున్నారు.

"సుభద్రా, నేల చల్లగా ఉందే!"

ఏడాదిగా కింద నేలుందన్న సంగతే ఆ కాలికి తెలియనట్టు, అంత ఆశ్చర్యంగా అన్నారు. ఆ పూట ఇద్దరూ చెమటలు పట్టేదాకా నడిచారు.

మరుసటి వారం నన్ను చెరువు దగ్గరికి పిలిచారు. సన్నటి గట్టు, రెండు పక్కలా నీళ్లు. కర్ర సుభద్ర గారి చేతికిచ్చి "తకిట" అంటూ బయల్దేరారు. సగం దూరం వెళ్లేసరికి గొంతు ఆగిపోయింది. భయపడ్డారేమో అనుకున్నాను. ఆయన నడక ఆపకుండానే పడవలో మేత వేస్తున్న మనిషిని కేకేశారు.

"ఏరా, నిన్నటి మేత పూర్తిగా తిన్నాయా?"

సుభద్ర గారు నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. "ఇక లీజు మాట ఎత్తరులెండి."

అప్పటినుంచి ఎవరొచ్చినా ముందు ఒకటే చూస్తాను: వీళ్ల ఒంట్లో 'త' ఎక్కడ పడటం లేదు? భుజమైనా, నడుమైనా, ఆ చోటికి వంతు వచ్చే జతినే ఎంచుకుంటాను. ఆ వంతు కోసం ఓపిగ్గా కాచుకోవాలని, వచ్చినప్పుడు మనిషి నవ్వుతూ ఉంటే ఇంకా మంచిదని నాకు నేర్పింది ఆ దంపతులే. రాజుగారు చెరువుల పనిలో పడి క్లాసు మానేశారు. సుభద్ర గారు మాత్రం ఏళ్ల తరబడి వచ్చారు, తనకి ఏ నొప్పీ లేదని, ఊరికే బావుంటుందని.