ఊదితే పాతబడిన అడుగు

మా ఆఫీసు డ్రైవరన్న అనగానే నాకు అతని ఊదుడే గుర్తొస్తుంది. కరీంనగర్ మనిషి. వేటకాలానికి ముందు మగజింకల అడుగులు వెతకమని మా కఫీల్, అంటే మాకు వీసాలిచ్చిన అరబ్బు యజమాని, అతణ్ణి ఎడారికి పంపేవాడు. అంచు పదునుగా ఉంటే కొత్త అడుగు, అరిగితే పాతది.

ఓ సాయంత్రం నన్ను సజ్జాలోని ఆఫీసు నుంచి ఇంటికి దింపుతూ బండి ఆపాడు. ఇసుకలో కూర్చుని, పదునైన అడుగుమీద వేడి చాయ్‌ని ఊదినట్టు ఊదాడు. అంచు రాలిపోయింది.

"ఇగ పాతదైంది మేడం."

"తెలిస్తే నీ వీసా ఖలాస్. జింక కోసం అబద్ధమా?"

"మొన్న నన్ను జూసి ఉరకలే. నమ్మింది. ఎట్ల పట్టిస్త?"

దారంతా తిట్టాను.

మర్నాడు కఫీల్ నన్నే అడిగాడు. "నువ్వూ బండిలో ఉన్నావటగా. అడుగు కొత్తదా, పాతదా?"

ఎవరి అబద్ధాన్నీ వదలని నోరు నాది.

"పాతదే" అన్నాను.

గుమ్మం దగ్గర డ్రైవరన్న, చల్లారిపోయిన చాయ్‌ని ఇంకా ఊదుతూనే ఉన్నాడు.