కొండ మీద ఉడకని అన్నం

అమెరికాలోని చాండ్లర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే కృష్ణవేణి చదివింది సివిల్ ఇంజనీరింగ్. పెరూలో పూర్వం ఇంకా జాతివాళ్ళు సున్నం లేకుండా పేర్చిన కోటల రాతిగోడల్ని ఒక్కసారి చేత్తో తాకి చూడాలని ఆమె కోరిక. 2012లో అక్కడి మూడు తెలుగు కుటుంబాలు కలిసి పెరూ వెళ్ళాయి. చివరి రోజు తీరిగ్గా కుస్కో ఊరి దగ్గరి లోయలోని ఆ కోటలన్నీ చూడాలనుకున్నారు.

ఆ ఉదయం కుస్కోలోని అద్దె ఇంట్లో భర్త చక్రపాణి మొదలుపెట్టాడు. "రోజూ బంగాళాదుంపలే వేణీ! కాస్త అన్నం, పప్పుచారు ఉంటే ఎంత బాగుండు!"

"మీరంతా వెళ్ళండి. వండేసి టాక్సీలో వచ్చేస్తాను."

"మా అక్క దేవత!" అంటూ స్నేహితురాలు శ్రీవల్లి వ్యాన్ ఎక్కేసింది. మనిషిని పొయ్యి దగ్గర నిలబెట్టడానికి మనవాళ్ళకు ఆ ఒక్క మాట చాలు.

కొండల మీద అంత ఎత్తులో నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి, బియ్యమే ఉడకవు. ఇంజనీరుకు తెలియని సంగతి కాదు, గుర్తు రాలేదంతే. ఎన్ని నీళ్ళు పోసినా పైన జావ, లోపల పలుకు. మధ్యాహ్నం దాటిపోయింది. గిన్నె వదిలేసి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు.

చీకటి పడ్డాక వ్యాన్ వచ్చింది.

"అక్కా, కొండలు చూస్తూ మొక్కజొన్న కంకులు, చీజ్ తినేశాం. పొట్ట ఫుల్! నువ్వు రాలేదేంటి?"

"అన్నం ఉడకలేదు."

"అయ్యో, ఇప్పుడు అన్నం ఎవరడిగారు!" అన్నాడు చక్రపాణి.

మర్నాడు పొద్దున్నే ఫ్లైట్. చాండ్లర్ విందుల్లో ఆమె త్యాగాన్ని ఇప్పటికీ మెచ్చుకుంటూ చెబుతారు. కృష్ణవేణి మాత్రం, "ఆ బియ్యం పారబోసి వెళ్ళాల్సింది," అంటుంది.