తువ్వాలు కింద కొన్న రాతబల్ల

రాతబల్ల కొనాలని బయలుదేరడానికి కారణం మా ఇంట్లోని భోజనాల బల్ల. పెళ్లయిన కొత్తలో కొన్నాం. దాని మీదే తిన్నాను, దాని మీదే రాసుకున్నాను. నేను ఒక పక్క కాగితాలు పరుచుకుంటే, ఎదురు కుర్చీలో నా భార్య సుభద్ర చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చునేది. "ఈనెలు నీ కాగితాల మీద పడితే నన్ను అనొద్దు" అనేది. పడేవి, నేను అనేవాణ్ణి.

ఆమె పోయి రెండేళ్లు దాటింది. ఆ కుర్చీని పక్క గదిలో వేసి చూశాను. దాంతో ఖాళీ మరీ పెద్దదయింది. మళ్లీ తెచ్చి అక్కడే వేశాను. అప్పట్నుంచి భోజనం మంచం మీద, రాత అసలు లేదు. లైబ్రేరియన్‌గా రిటైరైన నాకు చదువూ రాతా తప్ప వేరే పని రాదు కాబట్టి, పొద్దు గడవడమంటే ఏమిటో బాగా తెలిసొచ్చింది. ఒక్క మనిషికే చోటుండే పాత బల్ల ఒకటి దొరికితే, దాన్ని గోడకు ఆనించి వేసుకుని, గోడను చూస్తూ నాలుగు వాక్యాలు రాయగలనేమో అని ఆశ పుట్టింది.

అనంతపురం షాపుల్లో అన్నీ చెక్కపొడి నొక్కి చేసిన బల్లలే. వేలితో కొడితే అట్టపెట్టెలా మోగాయి. పాత టేకు సామాను కావాలంటే రాయదుర్గం పొమ్మన్నారు.

సోమవారం ఉదయం ఆరింటి బస్సు. సగం సీట్లు ఖాళీ. ఊరు దాటగానే దున్ని వదిలేసిన ఎర్రచేలు, గుండ్రాళ్లు, వాటి వెనక తిరిగీ తిరగని గాలిమరలు. ఈ ఏడు కూడా మబ్బు మొహం చూపించి పోయింది, మా వైపు చెనిక్కాయ అనే వేరుశనగ విత్తనం ఇంకా ఇళ్లలోనే ఉంది. కళ్యాణదుర్గంలో బస్సు పావుగంట ఆగింది. స్టాండు ఎదురుగా బొరుగుల ఉగ్గాణి, రెండు బజ్జీలు తిన్నాను. నలభై రూపాయలు. బజ్జీ కారం ముక్కుదాకా పట్టింది కానీ ఈ దారిన పోయేవాళ్లు వదులుకోవద్దు.

అక్కడే ఒకామె జీన్సు గుడ్డ మూట ఎత్తుకుని ఎక్కి, దాన్ని నా కాళ్ల దగ్గర కుదేసి పక్కన కూర్చుంది. రాయదుర్గంలో కుట్టుపని చేస్తుందట. నేను యాడికి, ఎందుకు పోతున్నానో రెండు నిమిషాల్లో లాగేసింది.

"టేబులు కొనేదానికి ఒక్కరే వస్తిరా సార్? ఆడోళ్లను తోడుకోని రావాల. మొగోళ్లకు ఏం తెలుస్తాది, రంగు చూసి పడిపోతారు."

"ఆమె లేదమ్మా" అన్నాను. ఊళ్లో లేదనుకున్నట్టుంది. "అయితే ఆయమ్మ వచ్చినాకనే కొనండి" అని సలహా ఇచ్చి కళ్లు మూసుకుంది. నేను సరిదిద్దలేదు. కాసేపైనా ఒకరి లెక్కలో సుభద్ర ఎక్కడికో పోయి తిరిగి రాబోతున్న మనిషిగా ఉండడం నాకు బాగానే అనిపించింది.

తొమ్మిదిన్నరకు రాయదుర్గం. సందుల్లో ప్రతి ఇంటి నుంచీ కుట్టుమిషన్ల చప్పుడు. పాత సామాను కొట్టు యజమాని మస్తాన్ భాయ్, మంచాలూ తలుపుచట్రాల మధ్య నుంచి దారి చేసుకుంటూ నన్ను లోపలికి తీసుకుపోయి ఒక బల్ల చూపించాడు. నిజంగా గొప్ప బల్ల. సొరుగులు లాగి చూశాను, మేకు లేకుండా చెక్కలోకి చెక్క దిగేలా కోసి బిగించారు. అడుగున చెదపొడి లేదు. సొరుగులో ముక్కు పెడితే కొత్త పాలిషు వాసన కాకుండా పాత టేకు వాసనే వచ్చింది. కొనేవాళ్లు ఈ మూడూ చూసుకోవాలి.

"అటు పక్కన కూడా సొరుగులు ఉండాయి సార్, చూడండి" అన్నాడు మస్తాన్ భాయ్ హుషారుగా. "ఇద్దరు ఎదురెదురుగా కూచోని రాసుకునే టేబులు ఇది. ఇటు మీరు, అటు మేడమ్."

దీన్నుంచి పారిపోయే కదా నేను ఇంత దూరం వచ్చింది! వద్దన్నాను. ఎంత తగ్గించినా వద్దన్నాను. ఆయన నా మొహం వైపు ఒకసారి చూసి, కారణం అడగకుండా టీ తెప్పించాడు. "కుందుర్పిలో తిప్పన్న అని ఎద్దుల దళారి ఉండాడు. ఒక్క మనిషి బల్ల ఆయన దగ్గర ఉండాది. ఫోన్ చేసి చెప్తా, పోండి" అన్నాడు.

మళ్లీ కళ్యాణదుర్గం, అక్కడ గంట పడిగాపులు, ఇంకో బస్సు. కుందుర్పిలో దిగేసరికి ఒంటిగంట దాటింది. తిప్పన్న ఇల్లు బస్సాగే చోటికి దగ్గరే. డెబ్భై దాటిన మనిషి, పొడుగు చేతులు, భుజం మీద ఎర్రగళ్ల తువ్వాలు.

"ముందు తినప్పా. ఎండకు వచ్చినావు. బల్ల యాడికీ పోదు."

ఆయన కోడలు రాగిముద్ద, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టింది. ఒకరు వడ్డిస్తుంటే తిని ఎన్నాళ్లయిందో. ఆకలి తీరినా ఇంకో ముద్ద వేయించుకున్నాను.

బల్ల వరండాలో ఉంది. ఏటవాలు మూత, ఎత్తితే లోపల కాగితాలకు చోటు, మూల సిరాబుడ్డి పెట్టుకునే గుంట. నూనెమిల్లు మూసినప్పుడు గుమాస్తా గదిలో నుంచి తెచ్చాడట. ముందు కాలు ఒకటి నడిమధ్య అరిగి నున్నగా ఉంది.

"దూడను దానికి కట్టేసేవాళ్లంలే" అన్నాడు తిప్పన్న. "ఇప్పుడు దూడా లేదు, ఎద్దులూ లేవు. ఈడ ఫ్రిజ్జు పెట్టాలంట మా కోడలు."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మోకాళ్లు తగల్లేదు, మోచేతులు సరిగ్గా ఆనాయి. ఒక్క మనిషి బల్లే. ఎంత అని అడిగాను.

"నోటితో ధర చెప్పేది నాకు అలవాటు లేదప్పా" అని ఆయన నా పక్కన కూర్చుని, భుజం మీది తువ్వాలు తీసి మా ఇద్దరి కుడిచేతుల మీద కప్పాడు.

ఇది నాకు తెలుసు. వానలు లేని ఏడు మా నాయన ఎద్దులను సంతకు తోలుకుపోయినప్పుడు పక్కనే నిలబడి చూసినవాణ్ణి. తువ్వాలు కింద దళారి వేళ్లు పట్టుకుని ధర చెబుతాడు. ఇటువాడు ఇంకొన్ని వేళ్లు పట్టుకుని జవాబిస్తాడు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అన్ని వేల రూపాయలు. పైన కబుర్లు వేరే నడుస్తుంటాయి. ఎంతకు పోయాయని అడిగితే నాయన, "తువ్వాలు కింది మాట బయట చెప్పకూడదురా" అన్నాడు. అందుకే ఈ ప్రయాణంలో ఖర్చులు రాస్తున్నా ఈ ఒక్కటి రాయను.

తిప్పన్న నా వేళ్లు పట్టుకుని ధర చెప్పాడు. నేను అనుకున్నదానికంటే తక్కువే. సరే అంటే అయిపోయేది. నేను అనలేదు. ఆయన అరచెయ్యి వెచ్చగా, పగ్గాలు లాగి లాగి కాయలు కాసి ఉంది. సుభద్ర పోయిన పదకొండో రోజున చుట్టాలు వెళ్తూ నా చెయ్యి పట్టుకున్నారు. ఆ తర్వాత చిల్లర పెట్టే కండక్టరు తప్ప నా చేతిని ఎవరూ ముట్టుకోలేదు. నేను రెండు వేళ్లు తగ్గించి అడిగాను. ఆయన వానల సంగతి మాట్లాడుతూ ఒకటి తగ్గించాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన నా వేళ్లు సవరించి పట్టుకున్నాడు. మళ్లీ తల అడ్డంగా ఊపాను.

తిప్పన్న మాట ఆపి నా వైపు తిరిగాడు.

"ఏమప్పా, నువ్వు అడిగిన ధరే నేను ఇచ్చినా. మళ్లీ కాదంటావేంది?"

గుమ్మంలో ఉన్న కోడలు కిసుక్కున నవ్వింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అబద్ధం ఆడడానికి కూడా ఏదీ తోచక, "చెయ్యి తీసేస్తారేమోనని" అన్నాను. ఆ మాట పూర్తయ్యేసరికి కళ్లు నిండిపోయాయి.

కోడలు నవ్వు ఆపి లోపలికి పోయింది. తిప్పన్న చెయ్యి తీయలేదు.

"నాదీ అంతేలేప్పా. ఎద్దులు పోయినాక ఈ చేతిని పట్టుకునేవాడు యాడుండాడు? ఇప్పుడంతా ఫోన్‌లో ఫోటో పెట్టి అమ్ముకుంటాండారు." తువ్వాలు అంచు సర్ది, "సరే, బేరం తెగలేదనుకో. మొదటి నుంచి ఆడుదాం" అన్నాడు.

మొదటి నుంచి ఆడాం. ఈసారి ఇద్దరం ఒక్క వేలు దగ్గర కూడా తొందరపడలేదు. వరండాలో ఎండ బల్ల కాలి దాకా వచ్చింది. ఆయన పాత సంతల సంగతులు చెప్పాడు, నేను సుభద్ర సంగతి చెప్పాను. చివరికి ఆయన నా చేతిని గట్టిగా ఒకసారి నొక్కి వదిలాడు. నొక్కితే బేరం తెగినట్టు.

సాయంత్రం ఐదింటికి అనంతపురం మార్కెట్టుకు టమోటా వేసుకుపోయే బొలెరోలో బల్లను ఎక్కించారు. బాడుగ ఎనిమిది వందలు. తిప్పన్న తువ్వాలుతో మూత తుడిచి, దాన్ని నా భుజాన వేశాడు. "ఇంట్లో దుమ్ము తుడుచుకుందువు, పెట్టుకో."

డ్రైవరు ఊరు దాటకముందే మొదలుపెట్టాడు. "ఎంతకు ఇచ్చినాడు సార్ ముసలాయన?"

"చెప్పకూడదప్పా."

"మీరు కూడా ఆయన మాదిరే ఉండారే" అని నవ్వి పాటలు పెట్టుకున్నాడు.

కుందుర్పి దారిన పోయేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. పాత బల్ల కొనేటప్పుడు చెదపొడి చూసుకోండి, మోకాళ్లు తగులుతాయేమో చూసుకోండి, బేరం మాత్రం తొందరగా తెంచుకోవద్దు. నా బల్లను గోడకు వేయాలనే ఆలోచన దారిలోనే మానుకున్నాను. వీధివైపు కిటికీ దగ్గర వేస్తాను. వచ్చేపోయే మనుషులన్నా కనిపిస్తారు.

కళ్యాణదుర్గం దాటాక చల్లగాలి మొదలైంది. తువ్వాలు ఒళ్లో కప్పుకున్నాను. కాసేపటికి చూసుకుంటే, దాని కింద నా కుడిచెయ్యి వెల్లకిలా తిరిగి, వేళ్లు చాచుకుని ఉంది. దాన్ని పట్టుకునేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. అయినా అనంతపురం దీపాలు కనిపించేదాకా నేను తువ్వాలు తీయలేదు.