మూసిన పిడికిలి

జమ్మలమడుగులో నా చిన్నప్పుడు మా చర్చిలో పిడికెడు బియ్యం అనే వాడుక ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ప్రతిసారీ ఆడవాళ్లు ఒక పిడికెడు పక్కన పెట్టి, ఆదివారం చర్చి వాకిట్లోని గంగాళంలో పోసేవాళ్లు. దిక్కులేని ముసలివాళ్లకు వారమంతా అదే కూడు. సంఘ పెద్ద అయిన మా తాత ఆ గంగాళానికి నన్ను కాపలా పెట్టేవాడు. తొమ్మిదేళ్లకే నాకు ఎక్కడలేని పెద్దరికం.

ఒక కరువేడు ఆదివారం, ఆరాధన మొదలయ్యే ముందు, బండల గనిలో పనిచేసే ఒకాయన వచ్చాడు. గనిలో మందు పేలి సగం ముఖం కాలింది, ఒక కన్ను మూసుకుపోయింది. మాసిన లుంగీ, భుజాన గోనెసంచి. అటూ ఇటూ చూసి గంగాళంలో చెయ్యి పెట్టాడు.

"తాతా, ఈయప్ప బియ్యం ఎత్తుకుంటాండాడు" అని అరిచాను.

కుర్రవాళ్లు మూగారు. ఒకడు ఆయన రెక్క పట్టుకున్నాడు, ఇంకొకడు సంచి లాగాడు. "యాడ దాచినావు? ఎన్నాళ్లనుంచి జరుగుతాంది ఇది?" ఆయన గంగాళం వైపు చూసి తల దించుకున్నాడు. లోపల పాటలు సరిచూసుకుంటున్న ఆడవాళ్లు పాట ఆపేశారు. ఒక్క దెబ్బ పడితే ఇక ఆపేవాళ్లు ఉండరు. అంతా నా ఒక్క మాట మీదే జరుగుతోందని అప్పుడు తెలిసింది.

తాత ఆ రెక్క విడిపించి, నా ఎదుట గొంతుక్కూర్చున్నాడు. "చెయ్యి లోపలికి పోయేటప్పుడు పిడికిలి మూసుకోనుండిందా, తెరుచుకోనుండిందా? బయపడొద్దు, చూసింది చెప్పు."

కళ్లు మూసుకున్నాను. లోపలికి పోయింది మూసిన పిడికిలి. బయటికి వచ్చింది ఖాళీ చెయ్యి. చూసింది అదే, కానీ ఆ ముఖం చూశాక దొంగతనం తప్ప నాకు ఇంకేమీ కనబడలేదు. సిగ్గుపడుతూనే అందరి ముందూ అదే చెప్పాను.

తాత గంగాళంలోకి వంగి చూశాడు. తెల్లటి బియ్యం మీద పిడికెడు కొర్రలు.

"ఇంట్లో బియ్యం లేవప్పా" అన్నాడాయన. "కొర్రలు పోస్తే నవ్వుతారని ముందే వచ్చినా."

తాత చేతులు జోడించాడు. "దేవుడు గుండెను చూస్తాడని వారం వారం చెప్తాండా. నా మనవరాలికే నేర్పలేకపోయినా."

"పోనీలేప్పా. పాప నా మొగం చూసి జడుసుకునింది" అని ఆయనే నన్ను వెనకేసుకొచ్చాడు. అప్పుడు ఏడ్చాను. తిట్టి ఉంటే అంత నొప్పి ఉండేది కాదు. ఆ పూట తాత ముందు వరుస వదిలి, వెనక చాప మీద ఆయన పక్కనే కూర్చున్నాడు.

అరవై దాటాను. కొత్త ముఖం కనబడితే నా మనసు ఇప్పటికీ తొందరపడుతుంది, దాచను. అప్పుడు కళ్లు మూసుకుని, నిజంగా ఏం చూశానో నన్ను నేను అడుగుతాను. ఇంట్లో బియ్యానికి కొదవ లేదు. అయినా ఆదివారం నా పిడికిట్లో చర్చికి పోయేది కొర్రలే.