మా సారు కుళ్ళుకున్న పురుగు

మా జువాలజీ సారు పోయారు. ఆత్మకూరు నుంచి ఆయన భార్య ఫోన్ చేసేసరికి నేను ఉదయగిరిలో మా స్కూల్లో తొమ్మిదో తరగతికి పాఠం చెప్తున్నాను. క్లాసులో ఫోన్ ఎత్తను. ఆ నంబరు నుంచి వస్తే మాత్రం వరండాలోకి వెళ్ళి మాట్లాడతాను.

"మీ సారు పోయినాడమ్మా. కాఫీ తాగి పేపరు పట్టుకున్నాడు. పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండాది. పిలిస్తే పలకలా" అన్నదామె. గొంతులో ఏడుపు లేదు. ఇంకా రాలేదంతే.

నేను వెళ్ళేసరికి కొండాపురం నుంచి ఆయన అన్నలు వచ్చేసి ఉన్నారు. పొలాలు, సర్పంచి ఎన్నికలు, పంచాయితీలు తప్ప వేరే లోకం లేని పెద్దమనుషులు. అందరిలోకీ పెద్దాయన నన్ను చూసి దగ్గరికి పిలిచాడు.

"నువ్వేనా పురుగమ్మాయివి?"

అవునన్నాను.

"మావోడు నీ మీద భలే కుళ్ళుకునేవోడే. ఊరికొస్తే నీ మాటే. 'అది కనుక్కునిందన్నా, నేను కనుక్కోలా' అని ఒకటే నస."

శవం ముందు నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోంచే ఏడుపూ వచ్చింది. మా సారును తలుచుకుంటే ఇప్పటికీ ఆ రెండూ కలిసే వస్తున్నాయి.

ఆత్మకూరు కాలేజీలో ఆయన మాకు జువాలజీ చెప్పారు. పెంకు పురుగులంటే ఆయనకు పిచ్చి. రెక్కల మీద గట్టి డిప్పలున్న ప్రతి పురుగూ ఆయన దృష్టిలో ఆయనదే. వానలు మొదలవగానే మమ్మల్ని ఉదయగిరి కొండకు తీసుకుపోయేవారు. ఒక నల్ల గొడుగు తెరిచి, తిరగేసి, పొద కింద పట్టుకునేవారు. కర్రతో కొమ్మను నాలుగు దెబ్బలు వేస్తే పురుగులన్నీ గొడుగులో రాలేవి. పాడుబడిన కోటగోడల పక్కన గొడుగు తలకిందులుగా పట్టుకుని వానలో తడుస్తూ నిలబడ్డ మనిషిని చూసి, గొర్రెలు తోలుకెళ్ళేవాళ్ళు ఆగి మరీ నవ్వేవాళ్ళు. ఆయనకు పట్టేది కాదు. ఆయన్ను పట్టి పీడించేది ఒక్కటే, తనకంటే ముందు వేరేవాళ్ళకు ఏదన్నా దొరకడం. అందుకే అందరికంటే ముందు నడిచేవారు. ఎవరైనా "సార్, ఇదేంది?" అని అరిస్తే మొహం మాడిపోయేది. "ఎక్కడ? ఆ పొదలోనా? నేనిప్పుడే కదా దాన్ని దాటి వచ్చింది?" అని వెనక్కి పరిగెత్తుకొచ్చేవారు.

అసూయను ఆయన దాచుకునేవారు కాదు. ఒంట్లో బాగాలేదని చెప్పినంత మామూలుగా చెప్పేసేవారు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆయనకు దుత్తలూరు దగ్గర చేలగట్ల మీద ఒక పచ్చని పురుగు దొరికిందట. కొత్తదే అనుకుని, పేరు కూడా ఆలోచించుకుని, కలకత్తాలో పురుగుల శాస్త్రవేత్తలకు పంపారు. అది ఎప్పుడో తెల్లదొరల కాలంలోనే ఒక దొర కనిపెట్టి పేరు పెట్టినదని జవాబొచ్చింది. ఆ కథ చెప్పినప్పుడల్లా పళ్ళు కొరికేవారు. "వాడికేం పని మన దుత్తలూరులో? గుర్రమెక్కి వచ్చి, నా పురుగు పట్టుకుపోయినాడు" అనేవారు. ఎప్పుడో చచ్చిపోయిన మనిషి మీద కుళ్ళుకున్నవాణ్ణి నేను ఆయన్ని తప్ప ఇంకెవరినీ చూడలేదు.

నేను టీచరునై మా ఊరు ఉదయగిరిలోనే చేరాను. సారు రిటైరయ్యారు. ఆయన గొడుగు విద్య నాకు అంటుకుంది. సెలవురోజుల్లో కొండకు పోయేదాన్ని. ఒక వానాకాలం, కోటకెళ్ళే దారి పక్కన ఎండిన కొమ్మను కొడితే ఒక పురుగు రాలింది. చిటికెనవేలి గోరంత. బూడిద రంగు మీద నల్లటి చారలు. ఒంటికి రెండింతల పొడుగున్న మీసాలు. అలాంటి మీసాల పురుగులు ఈ కొండల్లో చాలానే ఉన్నాయి. కానీ ఆ చారలు నేనెప్పుడూ చూసినవి కావు. సీసాలో పెట్టుకుని బస్సెక్కి ఆత్మకూరు వెళ్ళాను.

సారు సీసా అందుకుని వెలుతురుకు పట్టి చూశారు. తర్వాత నా వైపు చూడకుండానే అడిగారు.

"ఎక్కడ దొరికిందే ఇది?"

చెప్పాను.

"ఆ దారిలోనా? ఆ దారి నా కాళ్ళకు కంఠతా వచ్చు." సీసా బల్ల మీద పెట్టి కుర్చీలో వెనక్కి వాలారు. "నాకు కుళ్ళుగా ఉండాది అమ్మాయ్. మనసులో పెట్టుకుంటే రేపట్నించీ నీ మొహం చూడలేను. అందుకని చెప్పేస్తున్నా."

"కొత్తదే అంటారా సార్?"

"కాదంటాను. కాదని నిరూపిస్తాను చూడు."

అన్నంత పనీ చేశారు. ఇంకే పురుగునూ ఆయన అంత పట్టుదలగా పరీక్షించి ఉండరు. పాత పుస్తకాల నకళ్ళు తెప్పించారు. ఎక్కడెక్కడి మ్యూజియంలకో రాసి ఫొటోలు అడిగారు. ఇంట్లో కలరా ఉండల వాసన కొట్టే పెట్టెలన్నీ దించి, అందులో గుచ్చిన ప్రతి మీసాల పురుగునూ నా పురుగు పక్కన పెట్టి చూశారు. వారానికోసారి ఫోన్ చేసేవారు. "దొరికిందే, నీ పురుగు పాతదే" అని సంబరంగా చెప్పేవారు. మళ్ళీ రెండురోజులకు ఫోన్ వచ్చేది. "అది కాదులే. దాని భుజాల మీద ముల్లుండాది, నీదానికి లేదు." ఆ గొంతులో ఎంత దిగులో. నేను మాత్రం ఇక్కడ స్వీట్లు పంచాలన్నంత ఆనందపడేదాన్ని.

బెంగుళూరులో ఒక పురుగుల శాస్త్రవేత్త మాకు సాయం చేశాడు. సారు రాసిన అభ్యంతరాలన్నీ చదివి అతను నాతో అన్నాడు, "మేడమ్, ఇది కొత్తది కాదనడానికి మీ సారు ఒక్క సందు కూడా వదల్లేదు. ఇంక దీన్ని ఎవరూ కాదనలేరు." ఆ మాట సారుకు చెబితే, "అయితే నేనే నీ నెత్తిన కిరీటం పెట్టినానన్నమాట" అని మంచినీళ్ళు అడిగి తాగారు.

ఇక పేరు పెట్టాలి. కొత్త జీవిని కనుక్కున్నవాళ్ళు దానికి తమ పేరు పెట్టుకోరు, అది మర్యాద కాదు. నా మనసులో ఉన్న పేరు ఒక్కటే. ఆత్మకూరు వెళ్ళి ఆ మాట ఆయనతోనే చెప్పాను.

"సార్, దానికి మీ పేరు పెడతాను."

ఆయన భార్య మజ్జిగ తెచ్చి ఇస్తోంది. సారు గ్లాసు అందుకోలేదు.

"వద్దు. నేను పట్టిందా, నేను చూసిందా? ముష్టి పేరు నాకొద్దు."

"ముష్టి కాదు సార్..."

"వద్దన్నానా?"

సరే సార్ అన్నాను. ఆ ఇంట్లో ఆయన మాటకు ఎదురు చెప్పే అలవాటు నాకు లేదు. ఆమె మాత్రం గ్లాసు బల్ల మీద పెట్టి నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకు అర్థమేమిటో నాకప్పుడు తెలియలేదు. పురుగుకు మా ఊరి పేరు పెట్టాను. లాటిన్లో 'ఉదయగిరికి చెందినది' అని.

వ్యాసం అచ్చయింది. ప్రింటు తీసుకుని, స్వీట్ల పెట్టెతో వెళ్ళాను. సారు పేజీలు తిప్పారు. పేరున్న చోట వేలు ఆగింది. పేరు పక్కనే, శాస్త్రం పద్ధతి ప్రకారం, దానికి పేరు పెట్టిన నా ఇంటిపేరు. "బాగుండాది" అన్నారు. కాగితాలు మడిచి పక్కన పెట్టి, తలనొప్పిగా ఉందని లోపలికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత నా ఫోన్ ఎత్తడం మానేశారు.

కొన్నాళ్ళకు మా వీధిలో చెక్క చెంచాలు చెక్కే ఆమె నన్ను ఆపి, "మీ సారు వచ్చిపోయినాడే, నీకు తెలీదా? మా దగ్గర పుచ్చిన కర్రంతా మూట కట్టుకుని తీసకపోయినాడు. ఏం చేసుకుంటావయ్యా అంటే, పెంచుకుంటా అన్నాడు" అంది.

నాకు ఒళ్ళు మండింది. మా వీధికి వచ్చి, మా గుమ్మం దాటి, బస్సెక్కి వెళ్ళిపోయారా? పుచ్చిన కర్ర ఎందుకో నాకు తెలుసు. మీసాల పురుగుల పిల్లలు ఎండుకర్రను తొలుచుకుంటూ లోపలే పెరుగుతాయి. మొదటిదీ, తర్వాత అదే దారిలో నాకు దొరికినవీ అన్నీ మగవే. ఆడపురుగు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. ఆయన దాని కోసమే మా ఊరొచ్చారు. నాకు చెప్పకుండా. అది నా పురుగు అనుకున్నాను. ఆ మాట మనసులోకి రాగానే, సారు గొంతు నాలోంచి మాట్లాడినట్టనిపించింది.

ఆదివారం ఆత్మకూరు వెళ్ళాను. వరండాలో పాత దోమతెరతో కట్టిన పెద్ద గూడు. లోపల కర్రలు. పక్కనే కుర్చీలో సారు.

"మీరు ఉదయగిరి వచ్చి మా ఇంటికి రాలేదు" అన్నాను.

"నీ పురుగు ఊరు కదా. నాకేం పని మీ ఇంట్లో?"

"మీరే కదా సార్ వద్దన్నది."

"వద్దన్నాను. ఎవురన్నా నీ పేరు పెడతామంటే, పెట్టండి పెట్టండి అని మెడ చాపతారా? రెండోసారి అడగొచ్చు కదా. వద్దన్న మాటొక్కటే చెవికెక్కిందా నీకు?"

"ఇప్పుడు మార్చడానికి లేదు సార్. ఒకసారి అచ్చయితే ఇంక అంతే" అన్నాను.

"ఆ సంగతి నీకు నేర్పిందెవురు?"

"మీరే."

"మరి నాకు చెప్తావేంది?"

లోపల్నించి ఆయన భార్య, "ఇద్దరూ లోపలికి రండి, అన్నం చల్లారిపోతాంది" అని కేకేసింది. తిన్నాం. పప్పు వడ్డిస్తూ ఆమె, "ఆ రోజు చూశాను కదమ్మా నీ వైపు. ఇంకోసారి అడుగుతావనుకున్నా" అంది. సారు తల ఎత్తకుండా అన్నం కలుపుకుంటూ, "ఊరుకోవే" అన్నారు. ఆ పూట నుంచి మళ్ళీ మాటలు కలిశాయి. కోపం పోయింది. కుళ్ళు ఇద్దరికీ మిగిలింది.

ఎండలు ముదిరి, మళ్ళీ వానలు పడ్డాయి. ఒకరోజు మధ్యాహ్నం ఫోన్.

"వచ్చింది అమ్మాయ్. ఆడది."

సంతోషించాలి. బస్సులో కూర్చున్నాక దారంతా నాకు కలిగింది సంతోషం కాదు. కుళ్ళు. కొండ మా ఊరిది, కర్ర మా వీధిది, పురుగు నేను పట్టింది. మొట్టమొదట చూసింది మాత్రం ఆయన. లోకంలో ఎవరూ చూడనిదాన్ని చూడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ క్షణం మళ్ళీ ఎవరికీ రాదు. దాన్ని ఆయన నా నుంచి తీసేసుకున్నారు. నా పురుగును చూసిన రోజు ఆయన కుర్చీలో ఎందుకు అలా వాలిపోయారో, బస్సు ఆత్మకూరు చేరేలోపు నాకు పూర్తిగా తెలిసివచ్చింది.

ఆడపురుగు గురించి ఆయన రాసిన వ్యాసం ఆయన పోవడానికి కొద్దివారాల ముందే అచ్చయింది. దాని మీద ఆయన పేరొక్కటే ఉంది. నీ పేరు కలపనా అని ఆయన అడగలేదు, కలపమని నేనూ అడగలేదు. ఆ ప్రింటు పట్టుకుని కొండాపురం వెళ్ళి అన్నలందరికీ చూపించారట. ఒక్కరికీ ఒక్క ముక్క అర్థం కాలేదట. అయినా కోడిని కోశారట.

ఆయన్ను తలుచుకున్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఆ వానాకాలం మధ్యాహ్నమే. నేను బస్సు దిగి, తడిసిన చెప్పులు మెట్ల దగ్గర విడిచి వరండాలోకి వచ్చాను. సారు బల్ల మీదికి వంగి, కంటికి భూతద్దం ఆనించుకుని ఉన్నారు. రెండో అరచెయ్యి పురుగు చుట్టూ గోడలా అడ్డం పెట్టుకున్నారు. ఆ వేళ్ళ సందుల్లోంచి బూడిద రంగు వీపు, మగదానికంటే పొట్టి మీసాల కొస కొంచెం కనిపించింది.

"చూడనీండి సార్" అన్నాను.

"ఆగు" అన్నారు, తల తిప్పకుండా. "ఇంకాసేపు. ఇంకాసేపు నన్నొక్కణ్ణే చూసుకోనీ."

నేను ఆయన వెనక నిలబడ్డాను. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. చొక్కా కాలరు పైన తెల్లటి వెంట్రుకలు, ఊపిరి బిగబట్టడంతో కదలని ఆ భుజాలు, ఎంతకూ పక్కకు జరగని ఆ అరచెయ్యి.