జంగయ్య గ్యారంటీ

డ్రైవర్ జంగయ్యకు ఈ లోకంలో తెలిసిన పాపం ఒక్కటే, కంపెనీ పంపిన మోటారును మార్చడం. అబద్ధమాడినవాణ్ణి చూసి నవ్వి ఊరుకునేవాడు. దొంగకు బీడీ ఇచ్చి మంచీ చెడ్డా అడిగేవాడు. మోటారుకు మేకు కొట్టబోయినవాడి మొహం మాత్రం నెల రోజుల దాకా చూసేవాడు కాదు.

మోటారు అతనిదా అంటే కాదు. తిరుమలగిరికి నాలుగు కోసుల దూరంలో ఉన్న గడీ దొరది. సికింద్రాబాదులో కొన్ననాడు కంపెనీ సాహెబు ఒక ఇంగ్లీషు కాగితం చేతికిచ్చి, దాని సారం ఉర్దూలో చెప్పాడు. బండి మేం పంపినట్టే ఉంటే చెడిపోయిన సామాను మేమే ఇస్తాం, మీరు మార్చుకుంటే మాకు సంబంధం లేదు అని. దొర ఆ కాగితాన్ని జంగయ్యకిచ్చి, ఇకనుంచి దీనికి నువ్వే జిమ్మెదారు అన్నాడు. జంగయ్య దాన్ని ఖాకీ కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. నాలుగేళ్లయినా కాగితం బయటికి రాలేదు. అందులోని షరతులు మాత్రం నెలకొకటి బయటికొస్తూనే ఉన్నాయి.

మోటారు గడీకి వచ్చిన రోజే మొదటి షరతు వచ్చింది. దొరసాని పసుపు కుంకుమల పళ్లెంతో ఎదురొస్తే జంగయ్య రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు.

"కొత్త బండికి బొట్టు వద్దంటవేందిర?" అంది దొరసాని.

"కంపెనీ నల్లరంగేసి పంపింది దొరసానీ. మీదికెల్లి పసుపు పూస్తే రంగు మార్చినట్టే లెక్క. గ్యారంటీ వోతది."

"మరి బొట్టు ఎవలకు వెట్టాలె?"

"నాకు వెట్టుండ్రి. నాకు గ్యారంటీ లేదు."

దొరసాని నవ్వాపుకోలేక అతనికే బొట్టు పెట్టి, అతని చుట్టే గుమ్మడికాయ తిప్పించింది. నిమ్మకాయలూ మిరపకాయలూ కూడా అతని కోటు గుండీకే వేలాడాయి. ఆ వేషంలోనే అతను గడీ చుట్టూ మూడుసార్లు మోటారు తిప్పాడు.

ఇదంతా చూసి కడుపు మండిపోయినవాడు గడీ గుమాస్తా రామచంద్రయ్య. నల్లగొండలో రెండేళ్లు ఇంగ్లీషు చదువుకున్న మనిషి. మోటారు రాకముందు దొర ప్రతిదానికీ "రామచంద్రయ్యా, నువ్వేమంటవు?" అని అడిగేవాడు. మోటారు వచ్చాక "జంగయ్యా, కాగితం ఏమంటది?" అని అడుగుతున్నాడు. ఇంగ్లీషు వచ్చినవాడు పక్కన నిలబడి ఉండగా, బండి తోలేవాడు ఇంగ్లీషు కాగితానికి అర్థం చెప్పడం ఎంత అన్యాయమో అతను రోజుకు రెండు పూటలా తన భార్యకు వివరించేవాడు.

ఒకసారి దొరసాని కోసం మోటారుకు పర్దా కట్టమన్నారు. మేకులు కొడితే గ్యారంటీ పోతుందన్నాడు జంగయ్య. పర్దా లేకుండానే ప్రయాణం సాగింది. పెళ్లయిన ఇరవై ఏళ్లకు దొరసాని తిరుమలగిరి అంగడిని మొదటిసారి కళ్లారా చూసింది, గాజుల దుకాణాలు లెక్కపెట్టుకుంది, మళ్లీ పర్దా మాట ఎత్తలేదు. ఇంకోసారి దొర, గొల్ల అంజన్న మందలోని పొట్టేలుపై మనసుపడి మోటారు వెనక ఎక్కించుకు రమ్మన్నాడు. "కంపెనీ దీన్ని మనుషుల కోసం పంపింది దొరా. జీవాన్ని ఎక్కిస్తే సరుకులు మోసే బండి కిందికొస్తది, గ్యారంటీ వోతది" అన్నాడు జంగయ్య. రేపు నడిపించుకొస్తానన్నాడు అంజన్న. ఆ రేపు రావడానికి చాలా కాలం పట్టింది, ఈలోగా దొర పొట్టేలును మరిచిపోయాడు.

అన్నిటికంటే పెద్ద షరతు ఏసోబు కాళ్లది. పాత రోజుల్లో దొర ఎడ్ల కచ్చురం కదిలిందంటే, ముందొక వెట్టి మనిషి కర్ర పట్టుకుని "దొరొస్తుండు, తప్పుకోండ్రి" అని అరుస్తూ ఉరకాలి. ఇరవై ఏళ్లు అలా ఉరికినవాడు ఏసోబు. మోటారు వచ్చినా ఆ మర్యాద ఉండాల్సిందే అనుకున్నాడు దొర. ఆ గుంతల బాటలో మోటారు కూడా ఎడ్లకంటే పెద్ద వేగంగా ఏమీ పోయేది కాదు మరి.

"బాంచెన్, మోటరు ముక్కుతోటి గాలి పీలుస్తది" అన్నాడు జంగయ్య. "ముందట మనిషి ఉరికితే ఆని కాళ్ల దుమ్మంత లోపటికి వోతది. కాగితంల ఉన్నది."

దాంతో ఏసోబు ఉరుకు ఆగింది. అప్పటికే అతనికి యాభై ఏళ్లు దాటాయి, పైగా దమ్ము జబ్బు. నాలుగడుగులు గట్టిగా వేస్తే కూలబడేవాడు. అతని భార్య బిక్షమ్మ మోటారు కొట్టం ముందునుంచి పోయినప్పుడల్లా ఒక జొన్నరొట్టె అక్కడ పెట్టి వెళ్లేది. జంగయ్య దాన్ని చివరి ముక్కదాకా తినేవాడు.

ఒకనాడు రామచంద్రయ్య అంగడికి పోయి, కమ్మరి ఎల్లస్వామి కొలిమి ముందు మోటారును చూశాడు. జంగయ్య దాని కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఎల్లస్వామి పాత బండిచక్రం కమ్మిని ఎర్రగా కాల్చి, మోటారు స్ప్రింగుకు పట్టీ సాగగొడుతున్నాడు.

"గిది నాలుగోది పంతులూ" అన్నాడు ఎల్లస్వామి గర్వంగా. "మొదటి మూడు గూడ నేనే చేసిన."

రామచంద్రయ్య వంగి చూశాడు. పొగ గొట్టానికి నూనె డబ్బా రేకు అతుకు. సీటు లోపల కొబ్బరి పీచు. ఒక దీపానికి అద్దం ఎవరిదో లాంతరుది. కంపెనీ పంపినదాంట్లో నల్లరంగు తప్ప మిగిలింది తక్కువే.

"జంగయ్యా! కంపెనీ పంపినట్టు ఉంచుడంటే గిదేనా?"

జంగయ్య బండి కిందినుంచి తల మాత్రం బయటపెట్టాడు. "మీరు కండ్లద్దాలు వెట్టుకుంటిరి గద పంతులూ. గంత మాత్రానికే వేరే మనిషైతిరా?"

"నా సంగతి ఇడిసిపెట్టు. బండిని మార్చినవా లేదా?"

"ముచ్చట వడి చేస్తే మార్చుడు. గతిలేక చేస్తే రిపేరు. గ్యారంటీ వోయేది ముచ్చటకు."

రామచంద్రయ్య గిరుక్కున తిరిగి నడిచాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక జవాబు తోచింది కానీ, వినడానికి అక్కడ భార్య తప్ప ఎవరూ లేరు. సమయం రానీ, ఆ కాగితం ఒక్కసారి నా చేతికి రానీ అనుకున్నాడు.

సమయం వచ్చింది. సర్కారు పెద్ద అధికారి తాలూక్‌దారు సాహెబు ఆరు కోసుల దూరంలో క్యాంపు వేశాడు. దొరలందరూ హాజరు కావాలి. ముందురోజు పక్క గడీ దొర వచ్చి తమలపాకు నములుతూ నవ్వాడు. "నీ మోటరు ముందట మనిషే ఉరకడట గద. ఉప్పు షావుకారి లెక్క ఒక్కనివే వోతవట."

ఆ పూట దొరకు అన్నం దిగలేదు. "రేపు పొద్దుగాల ఏసోబు ఉరకాలె" అని హుకుం చేశాడు.

తెల్లారి ఏసోబు గోచి బిగించి కర్రతో వచ్చాడు. గుడిసె నుంచి గడీ దాకా నడిచినందుకే అతని ఛాతీ కొలిమి తిత్తిలా ఆడుతోంది. బిక్షమ్మ వెనకే వచ్చి దర్వాజా బయట నిలబడింది. "ఆరు కోసులు. నా మనిషి వాపసు రాడు" అంది, ఎవరినీ చూడకుండా.

జంగయ్య ముందుకొచ్చాడు. "దొరా, కాగితంల..."

"నాలుగేండ్ల సంది కాగితం కాగితం అంటున్నవు. నేనెన్నడు దాని మొకం సూడలే. తీయ్!" అని గద్దించాడు దొర. "రామచంద్రయ్యా, నువ్వు సదువు. ఉంటే మంచిది. లేకుంటే ఏసోబు ముందట ఉరుకుతడు, గీ జంగయ్య ఆని వెనక ఉరుకుతడు."

జంగయ్య కోటు గుండీలు విప్పాడు. చెమటకు పసుపెక్కి, మడతల దగ్గర చిరిగిన కాగితం మెల్లగా బయటికి తీసి ఇచ్చాడు. రామచంద్రయ్య కళ్లద్దాలు సవరించుకున్నాడు. ఇంత గొప్ప ఉదయం అతని జీవితంలో అదివరకు రాలేదు.

కాగితంలో ఇరవై వరుసలున్నాయి. కొన్ని మాటలు అర్థం కాలేదు గానీ, కావలసినవన్నీ అర్థమయ్యాయి. గ్యారంటీ పన్నెండు నెలలే. అంటే మూడేళ్ల కిందటే తీరిపోయింది. పైగా కంపెనీ షాపులో కాక బయట ఎక్కడ రిపేరు చేయించినా చెల్లదని ఉంది. అంటే అంతకంటే ముందే, ఎల్లస్వామి మొదటి సుత్తి దెబ్బకే పోయింది. పసుపు మాట, పొట్టేలు మాట, మోటారు ముక్కు మాట ఎక్కడా లేవు.

ఆ మాటే చెబుదామని తలెత్తాడు. జంగయ్య అతనివైపు చూడటం లేదు. ఏసోబు కాళ్లవైపు చూస్తున్నాడు. నాలుగేళ్లుగా బయటికొచ్చిన షరతులన్నీ రామచంద్రయ్యకు వరసగా గుర్తొచ్చాయి. ఆ మొదటి పసుపు మాట తప్పిస్తే, ఏ షరతు చూసినా ఎవరో ఒకరి నెత్తిమీది బరువు దించినదే. ఆ బరువులు ఎవరెవరి వంతో ఊరి వెట్టి జాబితాలో రాస్తూ వచ్చింది మాత్రం తన చెయ్యి. రామచంద్రయ్యకు సిగ్గేసింది. తనమీద తనకు అంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు.

"ఏమున్నదయ్యా?" అన్నాడు దొర.

రామచంద్రయ్య గొంతు సవరించుకున్నాడు. "ఉన్నది దొరా. ముందట మనిషి ఉరికితే కంపెనీకి జిమ్మెదారి లేదు."

జంగయ్య ఉలిక్కిపడి అతనివైపు తిరిగాడు.

అక్కడితో ఆపితే సరిపోయేది. కానీ నాలుగేళ్ల తర్వాత దొర తన మాట వింటున్నాడు, రామచంద్రయ్యకు ఊపొచ్చింది. "ఎనక ఉరికినా అంతే. పక్కపొంటి ఉరికినా అంతే."

"పక్కపొంటి గూడనా?"

"ఔను దొరా. ఉరికేటోడు యాభై ఏండ్లు దాటినోడైతే ఇంజనే పట్టేస్తది."

దొర జంగయ్య మీద మండిపడ్డాడు. "గింత సంగతి నాకు చెప్పకపోతివేందిర?"

"నాకే తెల్వదు దొరా" అన్నాడు జంగయ్య. ఆ కాగితం గురించి నాలుగేళ్లలో అతను చెప్పిన నిజం అదొక్కటే.

"సన్న అక్షరాలల్ల ఉన్నది" అని రామచంద్రయ్య గంభీరంగా సర్దిచెప్పాడు.

మనిషి పోతాడంటే కదలని దొర ఇంజను పోతుందంటే కదిలాడు. "వాణ్ని ఇంటికి వొమ్మనుండ్రి. మోటరుకు దూరంగ నడువుమనుండ్రి!" అన్నాడు. ఏసోబు మోటారుకు ఇరవై గజాల అవతలినుంచి చుట్టు తిరిగి దర్వాజా దాటాడు. బిక్షమ్మ అతని చేతిలోని కర్ర లాక్కుని భుజాన వేసుకుంది.

క్యాంపు దగ్గర దొరలు డేరా లోపల ఉండగా, ఇద్దరూ మోటారు నీడన కూర్చున్నారు.

"యాభై ఏండ్ల మాట నిజంగ ఉన్నదా పంతులూ?"

"లేదు. దుమ్ము మాట ఉన్నదని నీకెవలు చెప్పిండ్రు?"

"నాకేం ఎరుక? నాకు ఇంగ్లీషు రాదాయె."

"మరి నాలుగేండ్లల్ల ఎవలతోనన్న సదివించుకోకపోతివా?"

"సదివిస్తే ఉన్నయే ఉంటయి పంతులూ. సదవకుంటె ఎన్నైన ఉంటయి."

డేరాలోంచి తమ దొర గొంతు గట్టిగా వినిపిస్తోంది. మోటారున్నవాళ్లకు తెలియవలసిన శాస్త్రం మిగతా దొరలకు చెబుతున్నాడు. ముందు, వెనక, పక్క, యాభై ఏళ్లు, ఒక్కటీ వదలలేదు. పక్క గడీ దొర తమలపాకు నమలడం మానేశాడు. అతనికీ మోటారుంది, దాని ముందు ఆ పొద్దున్నే ఇద్దరు ఉరికారు. తిరిగిపోయేటప్పుడు వాళ్లిద్దర్నీ నడిచి రమ్మని, తను ముందు వెళ్లిపోయాడు.

నెల తిరిగేసరికి మూడు గడీల్లో మోటార్ల ముందు ఉరకడం ఆగిపోయింది. నాలుగో గడీ దొరకు మోటారే లేదు, ఉన్నది ఎడ్ల కచ్చురం. ఆయన భయపడి, మా బండికి కూడా ఈ షరతు ఉందేమో చూసి చెప్పమని రామచంద్రయ్యకు కబురంపాడు. బండి ఎవరు చేస్తే వాళ్లనే అడగాలని రామచంద్రయ్య జవాబు పంపాడు. ఆ కచ్చురం చేసింది వాళ్ల ఊరి వడ్రంగి. దొర అతన్నే పోయి అడిగాడు. తన పనికి గ్యారంటీ ఏమిటని పుట్టి బుద్ధెరిగాక అతన్ని అదివరకు ఎవరూ అడగలేదు. అతను చేతిలోని బాడిసె కిందపెట్టి, చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ముందట ఎవ్వలు ఉరకకుంటె ఇరుసు పదేండ్లు నిలుస్తది దొరా" అన్నాడు.