పై దండెం మీద నల్లగుడ్డ

ఒక నార్వే కుర్రాడు ఉదయం ఆరున్నరకి నడుముకు టవలు చుట్టుకుని, మా సందులో భిక్షువులకు అన్నం పెట్టేవాళ్ళ వరుసలో నిలబడ్డాడు. భక్తితో కాదు. అతనికి ఉన్నది ఒకటే పాంటు. ముందురోజు దాన్ని ఉతుక్కి వేశాడు. తెల్లారి చూసేసరికి అది రాత్రి బస్సులో ఇంకెవడి కాళ్ళకో ఎక్కి ఉత్తరాన చియాంగ్ మాయ్ చేరిపోయింది. ఉతికే ఆవిడ వరుసలో మోకాళ్ళ మీద కూర్చుని ఉంది కాబట్టి ఆవిడ లేచేదాకా పక్కన ఆగుదామనుకున్నాడు. భిక్షువు అతని ముందు కూడా ఆగి పాత్ర మూత తీశాడు. కుర్రాడు కాస్త ఆలోచించి, చేతిలో ఉన్న సబ్బుపెట్టె అందులో వేశాడు. భిక్షువు మూతపెట్టి, దీవెన చదివి, ముందుకు వెళ్ళిపోయాడు.

ఆ ఉతికే ఆవిడే లమోమ్ పెద్దమ్మ.

బాంకాక్ మొత్తం మీద, వీపుసంచీ తగిలించుకుని తిరిగే తెల్లవాళ్ళు అతి చవగ్గా నడుం వాల్చగలిగే చోట్లలో మా బాంగ్లంఫూ సందు ఒకటి. వీళ్ళు మూడు నెలలు తిరగడానికి వస్తారు, నెలకి సరిపడే డబ్బు తెచ్చుకుంటారు. మిగతా రెండు నెలలూ మన దగ్గర బేరమాడి సంపాదించాలి. ఉబోన్ గెస్ట్‌హౌస్ మెట్ల కింద నా బస్సు టికెట్ల బల్ల. నాలుగు అంతస్తుల పైన మేడ మీద పెద్దమ్మ, ఆవిడ తొట్లు, ఆవిడ దండేలు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆవిడ మేడ దిగేది అన్నానికీ భిక్షువులకీ మాత్రమే.

ఉతుకు కిలో లెక్క. అందుకని ఈ తెల్లవాళ్ళ తెలివితేటలన్నీ తక్కెడ దగ్గరే బయటపడేవి. బరువైన జీన్సు ఒంటిమీదే ఉంచుకుని బనీన్లు మాత్రం ఇచ్చేవాళ్ళు కొందరు. చెమట తడి తూకంలోకి వస్తుందని రెండు గంటలు ఎండలో ఆరబెట్టి మరీ మాసిన బట్టలు తెచ్చిన స్కాట్లండు వాడు ఒకడు. పెద్దమ్మ ఏమీ అనేది కాదు. బట్టలు చూసి మనిషి చరిత్ర చెప్పేది. ఈ ఎర్రమట్టి కంబోడియా వైపుది, ఈ కాలరు మీద ఉప్పుగీత దీవులది, ఈ పిల్ల అడవిలో నడిచానని కోతలు కోస్తోంది గానీ గది దాటలేదు అనేది. అన్నీ నిజమయ్యేవి.

ఒకరి బట్టలు ఇంకొకరికి పోకుండా ఆవిడ పద్ధతి దారం. ఒక్కో గదికి ఒక్కో రంగు. ప్రతి బట్ట అంచుకీ లోపలివైపు రెండు కుట్లు. ఆరేయడానికి ఇంకో పద్ధతి. తలకి చుట్టుకునేవి, చొక్కాలు పై దండెం మీద. నడుము కింద తొడుక్కునేవి నడుము ఎత్తులో ఉన్న కింది దండెం మీద. ఆడవాళ్ళ లోపలి గుడ్డలు అన్నిటికన్నా వెనక, గోడవారన, ఏ మగవాడి తలా వాటి కిందుగా వెళ్ళని చోట. అది ఆవిడ పెట్టిన నియమం కాదు, మా అందరిదీ. మెడలో బుద్ధుడి బిళ్ళలు వేసుకున్న మగవాడు ఆడదాని లోగుడ్డ కింద నడిచాడంటే ఆ బిళ్ళల్లో ఇక మహిమ ఉండదు, ఉత్త మట్టిపెంకులు.

నార్వే కుర్రాడి పాంటు మొదటి తప్పు కాదు. అంతకుముందు రెండు చొక్కాలు, ఒక దుప్పటి తారుమారయ్యాయి. ఎందుకో సందులో నాకొక్కడికే తెలుసు. సూదిలో దారం ఎక్కించి పెట్టేది నేను కనక. మొదట్లో "అబ్బాయ్, ఈ దారం ఎక్కించు" అనేది. నాకు నలభై ఎనిమిదేళ్ళు, అయినా అబ్బాయినే. తర్వాత్తర్వాత "ఎర్రది ఎక్కించు" అంటూ ఆకుపచ్చ ఉండ చేతిలో పెట్టేది. ధర్మాసుపత్రి డాక్టరు కంటి వెనక పొర చెడిందనీ, పోయిన చూపు ఇక రాదనీ చెప్పాడట. చిత్రమేమంటే అంచులు బాగానే కనిపించేవి, నడుమ మాత్రం బూడిద మరక. "మనిషి చెవులు కనబడతాయి, మొహమే కనబడదు. కొందరికి అదే మేలు" అంది నాతో.

ఎవరికీ చెప్పవద్దంది. ఎందుకంటే ఆ మేడ ఆవిడకి మాట మీద దక్కింది. ఈ గెస్ట్‌హౌస్ నడిపే ఉబోన్ వాళ్ళ తల్లి పోయేముందు, లమోమ్‌కి చెయ్యి సాగినన్నాళ్ళూ మేడ మీద ఉతుక్కోనివ్వు, అక్కడే పడుకోనివ్వు అని కూతురి చేత ఒప్పించుకుంది. ఉబోన్ చెడ్డమనిషి కాదు, కాకపోతే లెక్క తెలిసిన మనిషి. ఫాను గది అద్దె కూడా ఎక్కువనుకునే కుర్రకారు పెరిగిపోతోంది. మేడ మీద ఇరవై చాపలు వేస్తే ఇరవై మంది పడుకుంటారు. టేపు పట్టి కొలిపించింది కూడా. పెద్దమ్మ తొట్లో కాళ్ళు పెట్టి తొక్కుతూనే కొలతలు విన్నది. చెయ్యి సాగినన్నాళ్ళూ అన్న ఆ ఒక్క మాటే ఇద్దరి మధ్యా అడ్డు.

ఉబోన్ మొగుడు థవిల్‌కి ఉద్యోగం లేదు, ఏడు బిళ్ళలున్నాయి. ఏడూ ఒకే గొలుసుకి. పొద్దున్నే మేడ ఎక్కి తన గువ్వ పంజరాన్ని కొయ్యమీదికి ఎత్తి, దాని కూత విని దిగడం అతని దినచర్య. ఒకరోజు అలా ఎత్తుతూ ఉంటే నెత్తికి ఏదో చల్లగా తగిలింది. పై దండెం మీద, సరిగ్గా అతని తల మీద, ఆరో నంబరు గది ఫ్రెంచి పిల్ల నల్ల చెడ్డీ.

అతని కేక విని నాలుగంతస్తులూ ఎక్కి అందరం పోగయ్యాం. మెట్ల ఎదుట కాఫీ అమ్మే సామ్రువాయ్ చేతిలో మంచుగడ్డ కొట్టే సుత్తితో సహా వచ్చింది. పెద్దమ్మ ఆ గుడ్డని చేత్తో తడిమి చూసింది. అప్పుడు నాకు అర్థమైంది. తలకి కట్టుకునే రుమాలు అనుకుంది. రుమాలు కాబట్టి గౌరవంగా అన్నిటికన్నా పైన వేసింది.

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఈ పొరపాటు చేయని మనిషి ఇవాళ చేసిందంటే రెండే కారణాలుండాలి. కళ్ళు పోయి ఉండాలి, లేదా కడుపులో మంట ఉండాలి. అందరూ ఆవిడ మొహంలోకి చూస్తున్నారు. ఉబోన్ మరీ గుచ్చి చూస్తోంది.

"కావాలనే వేశాను" అంది పెద్దమ్మ.

ఎందుకని థవిల్ అడిగితే, మేడ మీద కొళాయి కారుతోందని ఆరునెలలుగా మొత్తుకుంటున్నా బాగుచేయించలేదు గనక అంది. అబద్ధం బాగా అతికింది. కొళాయి నిజంగానే కారుతోంది. ఆవిడ నోరు ఎలాంటిదో సందంతటికీ తెలుసు. ఒక్కరూ అనుమానించలేదు. గుడ్డిదనే పేరు రాకుండా దుర్మార్గురాలనే పేరు తెచ్చుకుని, ఆవిడ తిరిగి తొట్లోకి దిగింది.

మా వాళ్ళలో దుర్మార్గానికి విరుగుడుంది. పళ్ళెంలో పూలు, అగరొత్తులు, కొవ్వొత్తి పెట్టుకుని, నొప్పించిన మనిషి ముందు మోకరిల్లి క్షమాపణ అడిగితే, ఆ మనిషి పళ్ళెం ముట్టుకుంటే, అంతటితో సరి. తర్వాత ఎత్తిపొడవకూడదు. వచ్చే గురువారం తొమ్మిదింటికి, సందంతా చూస్తుండగా అని థవిల్ ముహూర్తం పెట్టాడు. బిళ్ళలు గుడికి తీసుకెళ్ళి మళ్ళీ మంత్రించి తెచ్చుకున్నాడు. తప్పయిపోయిందని అంటే చాలని నేను కూడా సంతోషించాను. చూపు పోయినందుకు మాత్రం ఏ పళ్ళెమూ లేదు.

ఇప్పుడు నా సంగతి. ఆ గురువారం పొద్దున ఒక బెల్జియం వాడు గది ఖాళీ చేసి, దక్షిణానికి వెళ్ళే చవకబారు బస్సుకి టికెట్టు కొన్నాడు. బస్సు సాయంత్రం ఆరింటికి. అప్పటిదాకా ఎక్కడ కూర్చోవాలని అడిగాడు. కాఫీకొట్టులో కూర్చుంటే కాఫీ కొనాలి. టికెట్టు కొన్న మనిషి కదా అని, గుమ్మం దగ్గర ఫాను కింద ఉన్న పేము కుర్చీ చూపించాను. అది థవిల్ కుర్చీ. రోజూ అతను తప్ప ఎవరూ కూర్చోరు. ఆ ముక్క నాకు తట్టనే లేదు.

తొమ్మిదయింది. థవిల్ కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. కూర్చుంటే అంత హుందాగా ఉండదనుకున్నాడో ఏమో, చేతులు కట్టుకుని గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. పెద్దమ్మ తెల్ల రవిక, మంచి చీరలాంటి పట్టుగుడ్డ కట్టుకుని, పళ్ళెం పట్టుకుని మెట్లు దిగింది. మెట్లు లెక్క ప్రకారం దిగింది, ఎక్కడా తడబడలేదు. నేను ఒక జంటకి చిల్లర ఇస్తున్నాను. తలెత్తేసరికి ఆవిడ పేము కుర్చీ ముందు మోకరిల్లింది.

ఒక్క అంగ వేసి మోచెయ్యి పట్టి తిప్పి ఉండాల్సింది. వేయలేదు. ఎందుకు వేయలేదో ఇప్పటికీ చెప్పలేను, చేతిలో చిల్లర ఉందని మాత్రం గుర్తు.

ఆవిడ నుదురు నేలకి ఆనించింది, ఆ బెల్జియం వాడి దుమ్ము చెప్పుల ముందు. శరీరంతో గానీ, మాటతో గానీ, మనసుతో గానీ మీకు చేసిన అపరాధం మన్నించమని స్పష్టంగా, తప్పు పోకుండా చెప్పింది. తెలిసి చేసినా తెలియక చేసినా అని అనాల్సిన చోట తెలియక అన్నది మింగేసి, తెలిసి అన్నదొక్కటే చెప్పింది. పళ్ళెం పైకెత్తింది.

బెల్జియం వాడు కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాడు. ఒక చెయ్యి నడుము దగ్గరి డబ్బు సంచీ మీదికి పోయింది. ఇలాంటి మోసాల గురించి వాళ్ళకి ముందే చెప్పి పంపుతారు. "నాకొద్దు. నేను అడగలేదు. డబ్బులు ఇవ్వను" అన్నాడు, వీలైనంత మర్యాదగా, ఇంగ్లీషులో.

ఆ గొంతు విని పెద్దమ్మ పళ్ళెం అలాగే పట్టుకుని ఉండిపోయింది.

మొదట నవ్వింది సామ్రువాయ్. తర్వాత టైలరు, తర్వాత అరటికాయ బజ్జీల ఆయన, తర్వాత నిలబడి చూస్తున్న సంచీలవాళ్ళు, ఎందుకో తెలియకుండానే. బెల్జియం వాడి మొహం చూసి నేనూ నవ్వాను. నవ్వడం మొదలయ్యాక, దేనికి నవ్వుతున్నానో గుర్తొచ్చాక కూడా, ఆపడానికి కొంత సమయం పట్టింది.

థవిల్ మాత్రం నవ్వలేదు. వచ్చి ఆవిడ ఎదుట గొంతుక్కూర్చున్నాడు. పిడికిలి బిగించి ఆవిడ మొహం ముందు పెట్టాడు.

"ఇవి ఎన్ని వేళ్ళు పెద్దమ్మా?"

ఆవిడ తల కాస్త పక్కకి తిప్పింది, అంచుతో చూడాలని. థవిల్ పిడికిలి కూడా అటే తిప్పాడు.

"మూడు" అంది.

ఈసారి నవ్వు సందు చివరిదాకా వెళ్ళింది. సామ్రువాయ్ దగ్గరికొచ్చి, తనెవరో చెబితే కాఫీ ఉచితమంది. బెల్జియం వాడు అప్పటికి ఏదో తప్పు జరిగిందని గ్రహించి, లేచి కుర్చీ ఆవిడకి ఇవ్వబోయాడు. పాపం, మంచివాడే. మళ్ళీ బేరం మొదలైందేమోనన్న భయంతో డబ్బు సంచీ మీది చెయ్యి మాత్రం తీయలేదు.

పదకొండింటికల్లా ఉబోన్ చాపలు మేడ మీదికి ఎక్కించింది. తొట్లు బోర్లించారు. ఉతికే మెషిను పెట్టుకున్న పక్క సందువాడికి మిగిలిన మూటలు పంపారు. దండేలు దోమతెరలు కట్టుకోవడానికి పనికొస్తాయని ఉంచారు. పెద్దమ్మని ఎక్కడికి పంపుతారని నేను అడిగితే, నోంథబురిలో చెల్లెలి కూతురు ఉంది కదా అంది ఉబోన్. ఆ చెల్లెలి కూతురు తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ రాలేదని ఉబోన్‌కీ తెలుసు.

నేను మూట పట్టుకోవడానికి మేడ ఎక్కాను. అప్పటికే ఇద్దరు కుర్రాళ్ళు చాపల మీద సంచీలు పెట్టి, ఏ మూల గాలి బాగా వస్తుందో వాదించుకుంటున్నారు. పెద్దమ్మ నేలమీద కూర్చుని, ఎవరిదో తెలియని ఒక చొక్కా మడతపెడుతోంది. చేతివేళ్ళతో అంచు వెతికి, కుట్టు వెతికి, మడత మీద మడత. సూదుల డబ్బీ నా జేబులో వేసింది.

ఉబోన్ గుమ్మంలో నిలబడింది. ఆవిడ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఏడ్చిందేమో. మనసు లేనిది కాదని ముందే చెప్పాను. అయితే బాధ కాస్తా కోపం అయ్యేదాకా ఆగి వచ్చినట్టుంది. తన చేత అమ్మకిచ్చిన మాట తప్పించావనీ, సందులో తలెత్తుకోకుండా చేశావనీ చాలాసేపు అంది. పెద్దమ్మ చొక్కా గుండీలు పెడుతూ వింది.

"ఇన్నాళ్ళూ నన్ను మోసం చేశావు పెద్దమ్మా" అంది ఉబోన్ చివరికి. "కనపడట్లేదని నాకొక్క మాట చెప్పలేకపోయావా?"

"చెబితే కళ్ళు తెచ్చిచ్చేదానివా అమ్మాయీ, చాపలు తెచ్చేదానివా?"